పెంపుడు పిల్లి ఇల్లంతా తడుపుతుంటే

నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పుల గురించే ఉంటాయి. వాటి మధ్య అప్పుడప్పుడూ ఒక పిల్లి ఉత్తరం తగులుతుంది. రాసేవారు ముందు మొహమాటపడతారు. "డాక్టరు గారూ, ఇది మిమ్మల్ని అడగవలసిన ప్రశ్న కాదేమో" అంటూ మొదలుపెట్టి, పరుపులు, బీరువా మూలలు, బియ్యం బస్తా, చివరకు దేవుడి గది గుమ్మం, ఇలా పిల్లి ఎక్కడెక్కడ తడిపిందో ఒక జాబితా ఇస్తారు. అసలు సంగతి ఆఖరి వాక్యంలో ఉంటుంది. "అమ్మాయి గర్భవతి. పిల్లిని వదిలించుకోమని అందరూ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

నేను మనుషుల డాక్టర్ని. పశువైద్యం నేను చదివిన చదువు కాదు. కాని మా ఇంట్లో చాలా ఏళ్ళుగా పిల్లులున్నాయి. ఈ చిక్కు మేమూ పడ్డాం. పైగా, పిల్లి మూత్రం వల్ల కాకపోయినా దాన్ని కడగబోయి ఆసుపత్రికి వచ్చిన మనుషుల్ని నేను చూశాను. అందుచేత పిల్లి మీదా ఎలుక మీదా పెట్టకుండా నాకు తెలిసినది నేరుగా చెబుతాను.

ముందు ఒక అపోహ పోవాలి. "నిన్న కొట్టానని కక్షగట్టి నా పక్క మీదే పోసింది" అంటారు. పిల్లికి అంత లెక్క తెలియదు. అది స్వభావరీత్యా శుభ్రమైన జంతువు. మట్టి తవ్వి, పని కానిచ్చి, మళ్ళీ కప్పెట్టి వస్తుంది. అలాంటిది పరుపెక్కిందంటే ఏదో కారణం ఉండి తీరాలి. దాన్ని ఈడ్చుకెళ్ళి ముక్కు నేలకు రుద్ది కొడితే, అక్కడ పొయ్యకూడదని దానికి అర్థం కాదు. మీరు కనబడితే పారిపోవాలని మటుకు అర్థమవుతుంది. భయం పట్టుకున్న పిల్లి ఇంకో నాలుగు చోట్ల తడుపుతుంది. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి "ఒళ్ళెందుకు కాలుతోంది?" అని కొట్టం కదా!

మా ఇంట్లో ఉన్నది ఒక ఎర్ర గండుపిల్లి. దానికి ఏడాదిన్నర వయసప్పుడు మా పెద్దమ్మాయి పురిటికి వచ్చింది. వారం తిరగకుండానే అమ్మాయి సూట్‌కేసు, మంచం కోడు, కొత్తగా కొన్న దోమతెర తడిశాయి. గోనెసంచిలో వేసి ఏటి అవతల వదిలి రమ్మంది మా అమ్మ. "మీరు డాక్టరు కదా, మీరే తేల్చండి" అంది మా ఆవిడ. నేను దాన్ని మూత బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. నాకన్నా ముందు రెండు గేదెలు, ఒక మేక ఉన్నాయి. నా వంతు వచ్చాక అక్కడి డాక్టరు గారు ముందు పిల్లిని ముట్టుకోలేదు. నన్నే ప్రశ్నలడిగారు. నిలబడి పోస్తోందా, కూర్చుని పోస్తోందా? గోడకా, నేల మీదా? కాస్తంతా, మడుగు కట్టేటంతా? ముక్కుతోందా? రక్తం కనబడిందా? నీళ్ళు ఎక్కువ తాగుతోందా? ఇంటికి కొత్తగా ఎవరైనా వచ్చారా? ఏ వైద్యుడైనా అడిగే ప్రశ్నలే ఇవి. కాకపోతే ఈ రోగి నోరు విప్పదు. ఇంటివాళ్ళే గమనించి జవాబు చెప్పాలి.

ఆ ప్రశ్నల్లోనే సగం వైద్యం ఉంది. పిల్లి నిలబడి, తోక నిటారుగా ఎత్తి వణికిస్తూ, గోడకో తలుపుకో కాస్త చిమ్మితే అది హద్దురాయి పాతడం లాంటిది. "ఈ ఇల్లు నాది" అని పక్కింటి పిల్లికి చాటడం. ఈడుకు వచ్చిన గండుపిల్లులు ఎక్కువగా ఈ పని చేస్తాయి. ఎదకు వచ్చిన ఆడపిల్లులూ చేస్తాయి. కొత్త మనుషులు, కొత్త సామాన్లు, కిటికీలో కూర్చుని గుర్రుమనే వీధి పిల్లి, ఇవన్నీ దాన్ని రెచ్చగొడతాయి. దీనికి మంచి మందు సంతానం కలగకుండా చేసే ఆపరేషను. గండుపిల్లుల్లో పదింటికి సుమారు తొమ్మిదింటిలో ఈ అలవాటు తగ్గుముఖం పడుతుంది. అయిదారు నెలల వయసులోనే చేయిస్తే అసలు మొదలయ్యే అవకాశమే తక్కువ.

మా పిల్లికి ఆ ఆపరేషనే జరిగింది. రాత్రిళ్ళు ఒక నల్ల పిల్లి వచ్చి కూర్చునే కిటికీకి కింది సగం కాగితం అంటించాం. అమ్మాయి సామాను బీరువాలోకి చేర్చాం. నెల తిరిగేసరికి ఇల్లు పొడిగా ఉంది.

అలా కాక, పిల్లి కూర్చుని నేల మీదో పరుపు మీదో పోస్తుంటే అది వేరే సంగతి. దాని ఇసుక తొట్టి మురికిగా ఉండవచ్చు. మూత్రాశయం వాచి మంట పుడుతూ ఉండవచ్చు. తొట్టిలో కూర్చున్నప్పుడల్లా మంట పుడితే, మంటకు కారణం తొట్టే అనుకుని మెత్తటి చోటు వెతుక్కుంటుంది. ముసలి పిల్లి నీళ్ళు ఎక్కువ తాగి మడుగులు కడుతుంటే మూత్రపిండాల జబ్బు, మధుమేహం, థైరాయిడ్ ఉన్నాయేమో చూపించాలి.

ఇక ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. గండుపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, ఒక్క చుక్కో, రక్తపు జీరో, లేదా అసలేమీ రాకుండా అరుస్తుంటే, దాని మూత్రనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. మగపిల్లిలో ఆ నాళం చాలా సన్నం. చిన్న ఇసుక రేణువుల్లాంటివి, జిగట పదార్థం అడ్డుపడితే చాలు. మూత్రం లోపలే నిలిచిపోయి, రక్తంలో పొటాషియం పెరిగి, గుండె ఆగిపోతుంది. ఇదంతా రెండు మూడు రోజుల్లో జరిగిపోతుంది. మా ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన ఇంటి పిల్లి ఇలాగే ముక్కుతుంటే, మలబద్ధకమని ఆముదం పట్టారు. మర్నాడు వాంతులు చేసుకుని మూల నక్కితే, ఆముదం పని చేస్తోందనుకున్నారు. మూడోనాడు పొద్దున్నకు చచ్చిపోయింది. ఆ ఇంటి పిల్లవాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మొదటిరోజే నాళంలోకి సన్నని గొట్టం పెట్టి మూత్రం తీయించి ఉంటే బతికే అవకాశం ఉండేది. కనుక ఈ లక్షణం కనబడితే "రేపు చూద్దాం" అనకండి. మూలుగుతోందని మనం వాడే పారాసిటమాల్ బిళ్ళ అసలే వెయ్యకండి. పిల్లి కాలేయానికి దాన్ని విరిచే శక్తి లేదు. ఒక్క బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి.

ఇప్పుడు గర్భవతి సంగతి. అందరూ భయపడేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. భయం ఉత్తదేం కాదు. గర్భంతో ఉన్నప్పుడు అది తొలిసారి సోకితే గర్భస్రావం కావచ్చు, బిడ్డ కళ్ళకూ మెదడుకూ హాని కలగవచ్చు. కాని అది వచ్చేది పిల్లి మలంలో, మూత్రంలో కాదు. ఎలుకల్నో పచ్చి మాంసాన్నో తిని జబ్బు తెచ్చుకున్న పిల్లి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే ఆ గుడ్లను విసర్జిస్తుంది. అవి బయటపడగానే అంటుకోవు. అందుకు ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అంటే మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి పారేస్తే ప్రమాదం చాలావరకు తొలగినట్టే. ఆ పని గర్భవతి చెయ్యకూడదు. తప్పనిసరైతే చేతికి తొడుగులు వేసుకుని, తరవాత సబ్బుతో కడుక్కోవాలి. పిల్లికి పచ్చి మాంసం పెట్టవద్దు. ఇంకో మాట. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోట మట్టి, వీటి ద్వారా కూడా ఈ జబ్బు వస్తుంది. పిల్లిని తరిమేసి ఉడకని మాంసం తింటే లాభం లేదు.

గోనెసంచిలో కుక్కబోతే పిల్లి రక్కుతుంది, కరుస్తుంది. అప్పుడు గాయాన్ని సబ్బూ నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లి కాటుతోనూ రేబిస్ రావచ్చు. గర్భవతులకు కూడా ఆ టీకా వెయ్యవచ్చు, వెయ్యాలి.

వాసన పోగొట్టడంలో జరిగే పొరపాట్లు కూడా తక్కువేమీ కావు. ఒకావిడ చిన్న గదిలో పిల్లి తడిపిన మూల బ్లీచింగ్ పౌడరు చల్లి, చాలదని మరుగుదొడ్లు కడిగే ఆసిడ్ పోసింది. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడక మా దగ్గరకు వచ్చింది. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచవలసి వచ్చింది. ఆసిడ్ లేకపోయినా బ్లీచింగ్ పౌడరు మూత్రంతో కలిస్తే ఊపిరితిత్తుల్ని మండించే వాయువు వస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి మరీ ప్రమాదం. ఫినాయిల్ కూడా మంచిది కాదు. తడి నేల మీద నడిచిన పిల్లి పాదాలు నాక్కుంటుంది, అది దానికి విషం. అమ్మోనియా కలిసిన ద్రావకాల వాసన పిల్లికి మూత్రంలాగే తోచి, మళ్ళీ అక్కడికే వస్తుంది.

చెయ్యవలసింది తేలిక. తడిని పాతగుడ్డతో అద్దండి. చల్లటి నీళ్ళతో కడగండి. ఎంజైములున్న బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్ళు పోసి కాసేపు నాననిచ్చి, శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. పరుపుల్ని ఎండలో వెయ్యండి. కిటికీలు తెరవండి.

తొట్టి సంగతీ అంతే. పిల్లులు ఎన్నో, వాటికన్నా ఒకటి ఎక్కువగా తొట్లు ఉండాలి. వెడల్పాటి తొట్టిలో మూడు అంగుళాల మందాన మెత్తటి ఇసుక పొయ్యండి. అన్నం గిన్నెకు దూరంగా, ఎవరూ తొక్కని మూల పెట్టండి. రోజూ ముద్దలు ఏరి పారెయ్యండి. మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

ఉత్తరం రాసినవారికి నా జవాబు ఇది. అమ్మాయీ ఉండవచ్చు, పిల్లీ ఉండవచ్చు. వదిలెయ్యాలన్న నిర్ణయానికి ముందు దాన్ని ఒకసారి పశువైద్యుడికి చూపించండి. అమ్మాయి పరీక్షలకు వెళ్ళినప్పుడు ఇంట్లో పిల్లి ఉన్న సంగతి ఆమె డాక్టరుకూ చెప్పండి. తొట్టి శుభ్రం చేసే పని ఈ నెలలన్నీ ఇంట్లో మగవాళ్ళకు అప్పగించండి. మా ఇంట్లో అది నా వాటాకు వచ్చింది.