మానిటర్ కొన్నారు సరే, హెర్ట్జ్ మార్చారా?

రండి, కూర్చోండి. గోదావరి గాలి బాగానే వీస్తోంది, కరెంటూ ఉంది. మన రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లంతా ఇప్పుడు అడిగే మాట ఒకటే: "అన్నా, విండోస్ 10 ఆగిపోయిందంట కదా, సిస్టం మార్చేయాలా?"

అక్కర్లేదు నాన్నా. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపింది గానీ గేములు నడుస్తూనే ఉంటాయి. పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు కూడా వస్తాయి. విండోస్ 11కి వెళ్లాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. చాలా బోర్డుల్లో టీపీఎం ఉండి కూడా బయాస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. నాన్నగారిని కొత్త సిస్టం అడిగే ముందు ఆ మెనూ తెరిచి చూడండి.

లినక్స్ సంగతంటారా, వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ అనే ప్రోగ్రాం తెచ్చాక విండోస్ గేములు చాలామటుకు లినక్స్‌లోనూ నడుస్తున్నాయి. వాల్వ్ వాళ్ల గేముల దుకాణం స్టీమ్ చేసే సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో 3 శాతం దాటింది. ఏళ్ల తరబడి ఒక శాతం దగ్గర తచ్చాడినదానికి ఇది పెద్ద అడుగే, నాకెంతో సంతోషం. వాలరెంట్, ఫోర్ట్‌నైట్ ఆడేవాళ్లు మాత్రం విండోస్‌లోనే ఉండండి. మోసాలు పట్టే ప్రోగ్రాముల కారణంగా అవి లినక్స్‌లో నడవవు.

ఇక తెర దగ్గరికొద్దాం. డబ్బు ఎక్కువ వృథా అయ్యేది ఇక్కడే. షాపులో 4కె చూసి మనసు పడతారు. అందులో చుక్కలు 83 లక్షలు, 1080పీలో 21 లక్షల లోపే. అంటే గ్రాఫిక్స్ కార్డుకి నాలుగింతల చాకిరీ. స్టీమ్ సర్వేలో సగానికి పైగా జనం 1080పీ మీదే ఆడుతున్నారు, మీరు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. 24 అంగుళాల తెరకి అది హాయిగా సరిపోతుంది. 27 అంగుళాలైతే 1440పీ తీసుకోండి.

144 హెర్ట్జ్ మానిటర్ కొని 60లోనే ఆడేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. 60లో బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144లో 6.9కే. విండోస్ చాలాసార్లు దానంతటదే పెంచదు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి మీరే మార్చాలి. అక్కడ 144 కనిపించకపోతే కేబుల్ చూడండి. పాత హెచ్‌డీఎంఐ తీసి డిస్‌ప్లేపోర్ట్ వైరు పెట్టండి. అది కూడా మదర్‌బోర్డుకి కాదు, కిందనున్న గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చండి.