వాగు కబురు

భద్రాచలం వచ్చినవారు రామదర్శనం చేసుకుంటారు, గోదావరిలో మునుగుతారు, తీరిక ఉంటే పర్ణశాల కూడా చూసి కొత్తగూడెం వైపు బస్సు ఎక్కుతారు. ఇటు వెళ్ళవలసిన పని ఉంటే తప్ప అంతకు ముందుకు ఎవరూ పోరు. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు, పేరూరు - గోదావరి ఎడమగట్టు పట్టుకుని సాగే ఈ దారికి ఒక పక్క నది, రెండో పక్క అడవి. ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఒకప్పుడు ఇదంతా ఖమ్మం జిల్లాయే. 2016 తర్వాత భద్రాచలం, చర్ల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరాయి. వాజేడు, వెంకటాపురం ఇప్పుడు ములుగు జిల్లాలోవి. జిల్లాలు ఎన్నిసార్లు మారినా వాగులకు ఆ సంగతి తెలియదు గనుక, అవి పాత దారినే వచ్చి గోదావరిలో కలుస్తున్నాయి.

నాకు ఆ దారిన పోవలసిన పని పడింది. చర్ల దాటిన తర్వాత ఒక వాగు వంతెన దగ్గర రేడియో స్టేషను పెడుతున్నారని, చూడాలని ఉంటే జీపులో చోటున్నదని ఒక ఇంజనీరుగారు కబురు పెట్టారు. రేడియో స్టేషను అనగానే పాఠకులు పాటలూ వార్తలూ అనుకోవద్దు. ఇది వానా, వాగూ ఎంతెంత ఉన్నాయో గంట గంటకూ తనంతట తాను కొలిచి ఆకాశంలోకి చెప్పే పెట్టె. మనిషి దగ్గర లేకపోయినా, కరెంటు తీగ లేకపోయినా పనిచేయాలి. అడవిలో ఈ రెండూ కొరతే గదా!

ఈ అవసరం ఎంతటిదో తెలియాలంటే గోదావరి సంగతి కొంచెం చెప్పుకోవాలి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. ఆ దిగువన బస్తరు అడవుల నీరంతా మోసుకుని ఇంద్రావతి వచ్చి పడుతుంది. అక్కడి నుంచి తాలిపేరు వంటి వాగులూ, చిన్న నదులూ రెండు పక్కలనుంచీ చేరుతూ ఉంటాయి. అంతా కలిసి భద్రాచలం చేరేసరికి, అవతల కూనవరం దగ్గర శబరి కూడా పొంగి ఉంటే, గోదావరి ముందుకు పోలేక వెనక్కు ఎగదన్నుతుంది. భద్రాచలం స్నానఘట్టం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న ఆ మట్టం 75.6 అడుగులు. అంతటి నీరు మళ్ళీ చూడబోమని పెద్దలు అనుకుంటూ ఉండగానే 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. సాధారణంగా పెద్ద వరదకు ఆగస్టు నెల పేరు. ఆ ఏడు జూలై సగంలోనే వంతెన మీద రాకపోకలు ఆపవలసి వచ్చింది.

పెద్ద గోదావరి మీద మాత్రం కాపలా గట్టిదే. కేంద్ర జలసంఘం వారు 1958లో ఢిల్లీ యమున దగ్గర మొదలుపెట్టిన వరద అంచనా పని నేడు దేశమంతా ఉన్నది. ఇంద్రావతి మీద పాతగూడెం, గోదావరి మీద పేరూరు, శబరి మీద కుంట - ఈ చోట్ల కొలిచిన మట్టాలను బట్టి భద్రాచలానికి నీరు ఎప్పుడు ఎంత వస్తుందో ముందుగా లెక్క కడతారు. చిక్కంతా చిన్న వాగులతోనే. పెద్ద నది రోజుల తరబడి పెరుగుతుంది; మనిషికి మూటాముల్లే సర్దుకునే వ్యవధి ఇస్తుంది. వాగు అలా కాదు. ఎగువ గుట్టల్లో సాయంత్రం కురిస్తే తెల్లవారకముందే వంతెన ఎక్కుతుంది. ఊళ్ళో చుక్క పడకుండానే వాగు పొంగటం ఈ పక్క వింత కాదు.

వెనకటి రోజుల్లో ఈ కబురు మోసింది మనుషులు, వారి చేతిలోని వైర్‌లెస్ సెట్లు. గట్టున అంకెలు వేసిన కొలబద్దలు పాతి ఉంటాయి. వరద రోజుల్లో గేజి మనిషి రాత్రీపగలూ గంటకొకసారి లాంతరు పట్టుకుని గట్టు దిగి, మట్టం చూసి, వచ్చి సెట్టు ముందు కూర్చుని అంకెలు వల్లించేవాడు. ఆ సెట్టు మాట కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. అందుకని ఎత్తయిన స్తంభాలు, నడుమ మరొకరు అందుకుని చెప్పటం. పైగా సెట్టుకు ఆకలి ఎక్కువ. చెవి ఒగ్గి ఊరికే వింటూ ఉండటానికే అర ఆంపియరు కావాలనుకుందాం. రోజుకు 12 ఆంపియర్-గంటలు. మాట్లాడితే అది వేరే. లారీ బ్యాటరీ ఎంత పెద్దదైనా కొద్ది రోజులకే నీరసిస్తుంది.

కొత్త పెట్టె తెలివి అంతా దాని నిద్రలో ఉన్నది. అది ఎవరి మాటా వినదు. గంటలో ఎక్కువభాగం నిద్రపోతూ, మధ్య మధ్య కన్ను తెరిచి కొలత తీసుకుని రాసుకుంటుంది. నిద్రలో 10 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే రోజుకు పావు ఆంపియర్-గంట. గంటకొకసారి లేచి కబురు పంపేటప్పుడు 3 ఆంపియర్లు తాగినా, ఆ పని 5 సెకన్లలో అయిపోతుంది. అనగా రోజంతటికీ రెండు నిమిషాల మాట! కొలిచే పరికరాల ఖర్చు కలుపుకున్నా అంతా ఒక ఆంపియర్-గంటకు లోపే. 65 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగమే వాడుకున్నా నెల రోజులు సూర్యుడి ముఖం చూడకుండా బతుకుతుంది. శ్రావణమాసపు ముసురులో ఇక్కడ సూర్యుడు వారం పది రోజులు కనబడకపోవటం కద్దు గనుక ఈ లెక్క ఊరికే వేసింది కాదు.

జీపు ఒక చోట ఆగిపోతే సామాను ట్రాక్టరులోకి మార్చారు. సిమెంటు బస్తాలు, ఇనుప స్తంభం, కంచె తీగ, రెండు సౌరపలకలు, బట్టలో చుట్టిన బ్యాటరీ, కొత్త పెళ్ళికూతురును దింపినట్టు జాగ్రత్తగా దింపిన తెల్లటి పెట్టె. మే నెల ఎండ. టేకు ఆకులన్నీ రాలి నేలంతా కరకరలాడుతున్నది. తునికాకు కట్టలు కట్టే పని అప్పుడే ముగిసిందేమో, ఊరి కుర్రవాళ్ళు కూలికి దొరికారు.

చోటు ఎంచటమే సగం పని అని ఆ పూట తెలిసింది. వాన కొలిచే గిన్నెకు దగ్గరలో చెట్టు ఉండరాదు. చెట్టు ఎంత ఎత్తో దానికి రెండింతల దూరమైనా కావాలి. అడవిలో అటువంటి చోటు ఎక్కడ? చెట్టు కొట్టరాదని అటవీశాఖ వారి ఆంక్ష, న్యాయమైనదే. తుదకు వంతెన పక్క గట్టు మీద, పూర్వం పొలమై తర్వాత బీడుపడిన ఖాళీ దొరికింది. కబురు అందుకునే ఉపగ్రహం మాత్రం చెట్లతో పేచీ పెట్టలేదు. అది భూమధ్యరేఖ మీద సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఇక్కడి నుంచి దక్షిణంగా, నెత్తికి కాస్త కిందుగా, దాదాపు 70 డిగ్రీల ఎత్తున ఏరియల్‌ను ఆకాశానికి చూపితే చాలు. వైర్‌లెస్ సెట్టుకు అడ్డం వచ్చిన కొండలన్నీ దీనికి కాళ్ళ కిందనే ఉండిపోయాయి.

సౌరపలకను కూడా దక్షిణానికే వంచి బిగించారు, ఇంచుమించు 18 డిగ్రీలు. నాకొక సందేహం వచ్చింది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఈ చోటికి ఉత్తరంగా ఉంటాడు. అనగా వానలు పడే రోజుల్లోనే పలక సూర్యుడికి కొంత పెడముఖం పెట్టినట్టు గదా? ఇంజనీరుగారు నవ్వి, మట్టిలో పుల్లతో లెక్క వేసి చూపారు. నష్టం పదో వంతు కూడా లేదు. చలికాలంలో దానికి మించిన లాభం. అంతకన్నా ముఖ్యం, వంపు ఉంటే వానే పలకను కడుగుతుంది, రాలిన ఆకు జారిపోతుంది. చదునుగా పెడితే ఒక్క టేకు ఆకు చాలు, పలకలో చాలా భాగాన్ని కప్పి పడుకోవటానికి.

వాన కొలిచే గిన్నె చూడముచ్చటైనది. పైన గరాటు, దాని కింద ఉయ్యాలబల్లలాగా రెండు చిన్న దోనెలు. ఒక దోనె నిండగానే ఒరిగి నీళ్ళు ఒంపుతుంది, రెండోది దాని చోటికి వస్తుంది. ఒక ఒరుగు అంటే అర మిల్లీమీటరు వాన. ఒరిగినప్పుడల్లా ఒక అయస్కాంతం ఒక మీటను తాకకుండానే కలుపుతుంది, పెట్టె ఒకటి లెక్క వేసుకుంటుంది. ఇంత సున్నితమైన వస్తువుకు శత్రువులు కూడా చిన్నవాళ్ళే - గరాటులో ఇరుక్కునే ఇప్పపువ్వు, గూడు కట్టే కందిరీగ, రెట్ట వేసే కాకి. కోతులు మాత్రం ఏరియల్ పట్టుకుని ఊగుతాయట. వాగు నీటికయితే ఏ దోనే లేదు. వంతెన దిమ్మెకు చేయి చాచినట్టు ఇనుపకడ్డీ బిగించి, దాని కొసన రాడారు పెట్టారు. అది కిందికి అలలు పంపి, అవి నీటిని తాకి తిరిగి రావటానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం చెబుతుంది. కొట్టుకొచ్చే మానులు దాన్ని తాకలేవు. అదే దాని గొప్ప.

పిడుగుల దేశం గనుక నేలలో గొయ్యి తీసి రాగిపలక పాతి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి నీళ్ళు పోశారు. ఇది చూసి ఊరి పెద్దలొకరు శంకుస్థాపన అనుకుని కొబ్బరికాయ తెప్పించారు. వద్దనలేదు.

పిల్లలు కంచె చుట్టూ మూగారు. ఒక పదేళ్ళవాడు ధైర్యం చేసి అడిగాడు:

"సారూ, దీన్ల పాటలొస్తయా?"

"రావురా. ఇది చెబుతుందే గాని వినదు, పాడదు."

"ఎవరికి చెప్తది?"

"పైన ఉపగ్రహానికి. అది ఢిల్లీకి చెబుతుంది."

"మరి మాకు?"

ఇంజనీరుగారు స్క్రూ బిగించటంలో మునిగిపోయారు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పెట్టె పంపిన కబురు 402.75 మెగాహెర్ట్జ్ మీద పైకి వెళుతుంది. మబ్బుల ఫోటోలు తీసే ఇన్సాట్-3డి జాతి ఉపగ్రహాలలో - 2013, 2016, 2024 సంవత్సరాల్లో ఒకటొకటిగా పైకి వెళ్ళినవి - ఇటువంటి కబుర్లు అందుకుని కిందికి దింపే యంత్రం ఒకటి ఉంటుంది. పంక్తి భోజనంలో వడ్డన వచ్చినట్టు ఏ స్టేషను వంతు దానిది. గడియారం సెకను తప్పితే పక్కవాడి విస్తట్లో చేయి పెట్టినట్టే. కిందికి దిగిన కబురును జయపూరులోనో, ఒడిశా బుర్లాలోనో పెద్ద గొడుగు ఏరియల్ అందుకుంటుంది. అక్కడి నుంచి లెక్కలు కట్టేవారికి, వారి నుంచి కలెక్టరుకు, తాసిల్దారుకు, పంచాయతీ కార్యదర్శికి, ఆయన నుంచి ఊరికి. 72 వేల కిలోమీటర్లు పోయి రావటానికి పావు సెకను చాలు. చివరి పది కిలోమీటర్లకు ఒక సెల్‌ఫోను టవరు బతికి ఉండాలి. గాలివానలో మొదట పోయేది కరెంటు, ఆ తర్వాత టవరు. పెట్టె మాత్రం తన బ్యాటరీతో నిక్షేపంగా ఢిల్లీతో మాట్లాడుతూనే ఉంటుంది.

దీనికి ఒక మోత తగిలించరాదా అని అడిగాను. ఒక్క నిమిషం మోగటానికి 5 ఆంపియర్లు లాగినా, ఆ ఖర్చు పెట్టె రోజంతా మాట్లాడినంత. ఆయన ఆ మాట ఎప్పటి నుంచో ఆలోచిస్తున్నట్టే ఉన్నారు.

"కరెంటు కాదండీ కష్టం. ఎంత నీటికి మోగాలి? అది ఎవరు నిర్ణయించాలి? రెండుసార్లు ఊరికే మోగిందంటే మూడోసారి దుప్పటి తొలగించి చూసేవాడుండడు."

నిజమే. అయినా నా మట్టుకు నాకు, ఊరికే మోగిన రెండుసార్లను ఊరు క్షమిస్తుందనే అనిపిస్తుంది. మోగవలసినప్పుడు మోగకపోవటాన్ని క్షమించదు. మరో లాభం కూడా ఉన్నది. ఇటువంటి స్టేషన్లకు పెద్ద చావు దొంగల చేతిలోనే. బ్యాటరీ పోతే కంచె, స్తంభం మిగులుతాయి. ఊరికి ఏమీ చెప్పని పెట్టెను ఊరు ఎందుకు కాయాలి? తమ పిల్లల్ని నిద్రలేపే పెట్టె అయితే తాళం అక్కర ఉండదు.

ఇంతలో గేజి చూసే పెద్దాయన వచ్చాడు. కోయ మనిషి, అరవై దాటాయి. పెట్టె వచ్చినా ఆయన పని పోలేదు. ఇనుముకు జబ్బు చేసినప్పుడు కొలబద్ద ఉండాలని ఆయన్ను ఉంచారు. గట్టు మీది చింతచెట్టు చూపించాడు.

"86ల నీళ్ళు ఆ తొర్ర కాడిదాకా వచ్చినయి సారూ. గోదారి ఎనక్కి తన్నితే వాగు ఎటు పోతది? మొన్న 22లనూ వచ్చినయి గానీ దానికి చారెడు తక్కువ."

ఆ తొర్ర ఎత్తును ఇంజనీరుగారు టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. పెట్టెను దానికన్నా నాలుగడుగులు ఎత్తున బిగించి ఉండటం చూసి పెద్దాయన తల ఊపాడు.

పదకొండున్నరకు పెట్టెకు ప్రాణం వచ్చింది. వాగులో మోకాలి లోతు నీరే ఉన్నది. రాడారు 44 సెంటీమీటర్లని చూపింది. పెద్దాయన గట్టు దిగి కొలబద్ద చూసి 42 అన్నాడు.

"అల కదిలింది కాబోలు పెద్దాయనా, మళ్ళీ చూడు."

"అల కాదు సారూ. నలబై రెండే."

ఇంజనీరుగారు ప్యాంటు మడిచి తానే నీళ్ళలోకి దిగారు. నీరు నిలకడ పడేదాకా వంగి నిలబడి, కొలబద్ద చూసి, మాట్లాడకుండా పైకి వచ్చి, పెట్టె తలుపు తెరిచి తన లెక్కలో రెండు సెంటీమీటర్లు తగ్గించుకున్నారు. పన్నెండు గంటలకు ఢిల్లీకి వెళ్ళిన మొదటి కబురులో 42 అనే ఉన్నది.