అమెరికా గోడలకు బెడ్‌ఫర్డ్ రాయి

ఇండియానా రాష్ట్రం దక్షిణాన బెడ్‌ఫర్డ్ ఓ చిన్న ఊరు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనాన్నో, వాషింగ్టన్‌లోని నేషనల్ కెథీడ్రల్‌నో చూసినవారు ఈ ప్రాంతపు రాయిని చూసినట్టే. పెంటగాన్ వెలుపలి గోడలదీ ఇదే రాయి. ‘ప్రపంచ సున్నపురాయి రాజధాని’ అని ఈ ఊరు గర్వంగా చెప్పుకుంటుంది.

30 కోట్ల ఏళ్లకు పూర్వమే ఇక్కడ లోతులేని వెచ్చని సముద్రం ఉండేది. అందులోని చిరుప్రాణుల గుల్లలు అడుగున పేరుకుని, గట్టిపడి రాయయ్యాయి. మన తాండూరు, కడప బండలూ సున్నపురాళ్లే. అవి పొరలుగా విడివడతాయి కాబట్టి నేలకు పరుస్తాం. ఇండియానా రాయికి అలా విడివడే గుణం లేదు. ఏ వైపు కోసినా ఒకేలా తెగుతుంది. గని నుంచి తీసిన కొత్తలో లోపల చెమ్మ ఉంటుంది, అది ఆరేకొద్దీ రాయి ఇంకా గట్టిపడుతుంది. పూలతీగలైనా, సింహముఖాలైనా చెక్కడానికి శిల్పులు దీన్ని కోరుకున్నది అందుకే.

తొలి గని 1827లో స్టైన్స్‌విల్ ఊరి దగ్గర మొదలైంది. తర్వాత రైలు వచ్చింది, బరువైన దిమ్మెలు దూరం పోగలిగాయి. 1871లో షికాగో అగ్నికి ఆహుతయ్యాక చెక్క ఇళ్లపై నమ్మకం సడలి, రాతికి గిరాకీ పెరిగింది. నార్త్ కరోలినాలో 1895లో వాండర్‌బిల్ట్ కుటుంబం గృహప్రవేశం చేసిన బిల్ట్‌మోర్ భవనానికీ ఈ రాయే వెళ్లింది. 1931లో ప్రారంభమైన ఎంపైర్ స్టేట్ భవనం కోసం ఊలిటిక్ ఊరి దగ్గర రాయి తీసిన గోతిని ఇప్పటికీ ఎంపైర్ క్వారీ అంటారు. నేషనల్ కెథీడ్రల్ నిర్మాణమైతే 1907 నుంచి 1990 దాకా 83 ఏళ్లు సాగింది.

ఈ కీర్తి వెనక ఉన్నది రాతి పనివాళ్లు. బెడ్‌ఫర్డ్ గ్రీన్ హిల్ శ్మశానంలో, 1917లో చనిపోయిన ఓ యువ రాతి పనివాడి సమాధి ఉంది. అతను పనిచేసిన బల్లను పనిముట్లతో సహా తోటివాళ్లు రాతిలో చెక్కి నిలిపారు.

ఉక్కు, గాజు, కాంక్రీటు వచ్చాక గనులు చాలావరకు మూతపడ్డాయి. 1979 నాటి ‘బ్రేకింగ్ అవే’ సినిమా రాతి పనివాళ్ల కుటుంబాల బాధను చూపింది: తాము కోసిన రాయితో లేచిన యూనివర్సిటీలో తామే పరాయివాళ్లమనుకునే మనుషుల కథ అది. ఆస్కార్ కూడా గెలుచుకుంది.

2001 ఉగ్రదాడిలో కూలిన పెంటగాన్ గోడకు మళ్లీ ఇండియానా రాయినే తెచ్చారు. బెడ్‌ఫర్డ్ ప్రాంతంలో తవ్వకం నేటికీ సాగుతోంది. ఆ సినిమాలోని యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో చదివే తెలుగు పిల్లలు, వారి కోసం వెళ్లే తల్లిదండ్రులు సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించి బెడ్‌ఫర్డ్ చూసి రావాలి.