గీకితే బయటపడే కంచు

మా ఇంట్లో ఒక వినాయకుడున్నాడు. నాలుగేళ్ల కిందట ఓ ఎగ్జిబిషన్‌లో "అసలైన కంచు సార్" అంటూ నాకు అంటగట్టిన వినాయకుడు. చేతిలోకి తీసుకుంటే బరువుగానే ఉన్నాడు. ఇంటికి తెచ్చాక మా అమ్మ వేలి కణుపుతో తొండం మీద ఒక్కటి కొట్టి, "ఇదేం కంచురా, మోగదేం?" అంది. అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా బుడితి దగ్గర. కంచు, ఇత్తడి సామాన్లకు బుడితి పెట్టింది పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు చెంబు కొనాలంటే రెండే చూస్తారు: తూకం, మోత. మా వినాయకుడు తూకంలో గట్టెక్కి మోతలో తప్పాడు. తర్వాతి చవితికి తుడుస్తుంటే చెవి అంచు విరిగింది. లోపలంతా తెల్లగా, సుద్దలా ఉంది.

అందుకే, కిందటి డిసెంబరులో కలకత్తా వెళ్లినప్పుడు మా మేనత్త కొడుకు "రేపు గార్డెన్ రీచ్‌లో రెసిన్ బొమ్మలు పోసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి బావా" అనగానే నేనూ వస్తానన్నాను. బావది రైల్వే ఆఫీసు. వాళ్ల సెక్షన్‌లో రిటైరయ్యే వాళ్లకు ఇవ్వడానికి పన్నెండు జ్ఞాపికలు చేయిస్తున్నారు. చెక్క పలక మీద ఆవిరి ఇంజను, కంచు రంగులో.

గార్డెన్ రీచ్ అనేది ఒక ఊరని నాకు చాలాకాలం తెలియదు. వాల్తేరు డివిజన్ రైల్వే కుటుంబాల్లో పెరిగిన వాళ్లకు అది హెడ్డాఫీసు పేరు. బదిలీ గార్డెన్ రీచ్ నుంచే రావాలి, ప్రమోషన్ కాగితం అక్కడే ఆగిపోవాలి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన దగ్గర్నుంచి, 2003లో తూర్పు కోస్తా రైల్వే పూర్తిగా విడిపడే దాకా వాల్తేరు పగ్గాలు హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ ఎర్ర భవనంలోనే ఉండేవి. మొదట్లో అది బెంగాల్ నాగపూర్ రైల్వే. మా తాత బతికున్నన్నాళ్లూ బి.ఎన్.ఆర్. అనే అన్నాడు తప్ప మరో పేరు పలకలేదు. ఆ కంపెనీ పుట్టింది 1887లో. అదే ఏడాది సెప్టెంబరులో, ఈ ఒడ్డునే మటియాబుర్జ్‌లో, అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా కన్నుమూశాడు. 1856లో రాజ్యం పోగొట్టుకుని ఇక్కడికొచ్చిన ఆయన లక్నోకు ఒక నకలు కట్టుకోబోయాడు. ఇమాంబాడా, జంతుశాల, గాలిపటాలు, ఠుమ్రీలు, దర్జీలు. తోటలు రైల్వేకీ రేవుకీ పోయాయి. దర్జీలు మాత్రం ఉన్నారు, ఊరంతా ఉన్నారు.

ఖిదిర్‌పూర్ దాటేసరికి వంతెన లేచి ఉంది. డాక్‌లోకి ఓడ వెళ్తోందట. ఆటోలు, సైకిళ్లు, బట్టల మూటలు మోసే రిక్షాలు అన్నీ దాని ముందు ఆగిపోయాయి. బావ చాయ్ తెచ్చాడు. రోడ్డు నిటారుగా ఆకాశంలోకి లేచి నిలబడటం నేను అంత దగ్గరగా చూడలేదు. అరగంట పోయినా బాధపడలేదు.

అవతల ఓడల కార్ఖానా గోడ. గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్. స్వతంత్ర భారతంలో మనవాళ్లు కట్టిన తొలి యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. అజయ్ 1961లో ఇక్కడినుంచే వెళ్లింది. 2014లో మన విశాఖలో నౌకాదళంలో చేరిన కమోర్తా కూడా ఈ గోడ లోపలే తయారైంది. వేల టన్నుల ఉక్కు అటుపక్క, మేము వెళ్లేది ఇటుపక్క సందులోకి, కిలోల లెక్కన లోహం వాడేచోటికి.

సందు పొడుగునా కుట్టుమిషన్ల చప్పుడు. కాలికింద గుడ్డపేలికలు. మూడో మలుపులో వాసన మొదలైంది. కొత్త ఫైబర్ కుర్చీ కొన్నప్పుడు వచ్చే వాసన ఉంటుందే, దానికి పదింతలు, ముక్కుపుటాల్ని చీల్చినట్టు. అది స్టైరీన్. పాలియెస్టర్ రెసిన్‌లోంచి వస్తుంది. రోజంతా దానిలో ఉండేవాళ్లకు వాసనే తెలియదట. ఆ మాట వాళ్లు గొప్పగా చెప్పారు, నాకు భయం వేసింది.

పది అడుగుల వెడల్పు గది, వెనక రేకుల వసారా, గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. బావ ఆయన్ని చాచా అంటాడు. కుర్రతనంలో ఫైబర్ పడవలకు అచ్చులు కొట్టే షెడ్డులో చేశాడట. ఇప్పుడు అల్లుడూ, ఒక కుర్రాడూ, తనూ. మేము వెళ్లేసరికి కుర్రాడు తెల్లటి రబ్బరు అచ్చులో పొడి రాస్తున్నాడు. ఆడపిల్లలు బుగ్గలకు రంగు అద్దుకునే మెత్తటి బ్రష్షు లాంటిది చేతిలో. ఇంజను చక్రం పడే గుంటలో, ఒక్కో ఆకు పక్కన, బంగారు రంగు ధూళి. సిలికాన్ రబ్బరుకు ఆ ధూళి దానంతటదే అంటుకుంటుంది. ఎక్కువైంది కాగితం మీద దులిపి మళ్లీ డబ్బాలో పోశాడు.

"ఇది కంచేనా?" అన్నాను.

"బిల్లు మీద బ్రాంజ్ పౌడర్ అనే ఉంటుంది బాబూ. కానీ రాగిలో జింకు కలిపింది" అన్నాడు చాచా.

అంటే ఇత్తడి. రాగికి తగరం కలిస్తే కంచు, జింకు కలిస్తే ఇత్తడి అని మా అమ్మకు కూడా తెలుసు. కానీ రంగుల వ్యాపారం పాతకాలం నుంచీ ఇత్తడి పొడిని కంచు పొడి అనే అమ్ముతోంది. నా వినాయకుడి వంశవృక్షంలో మొదటి అబద్ధం ఇక్కడే మొదలైందన్నమాట.

పొడిలోనూ రెండు జాతులు. చాచా రెండు డబ్బాల్లోంచి చిటికెడు చిటికెడు తీసి నా అరచేతిలో వేశాడు. ఒకటి మెరిసిపోతూ చర్మానికి పూతలా అంటుకుంది. అది రేకుపొడి, పొలుసులు పొలుసులుగా ఉంటుంది, రంగుల్లో కలపడానికి. రెండోది చూపుకు మసక, ఇసుకలా జారింది. కరిగిన లోహాన్ని గాలిపోటుతో చిమ్మి చేసిన గుండ్రటి గింజలవి. పోతకు పనికొచ్చేది ఇదే. రేకుపొడి పోసిన రోజే మెరుస్తుంది, రుద్దితే పోతుంది. గింజపొడి పోసిన రోజు మట్టిముద్దలా ఉంటుంది, రుద్దితే మెరుస్తుంది.

ఇక కలపడం. పాత తూకం యంత్రం మీద ప్లాస్టిక్ మగ్గు పెట్టి వంద గ్రాముల రెసిన్ పోశాడు అల్లుడు. పల్చటి తేనెలా, కొంచెం గులాబి రంగు. అందులో కోబాల్టు ముందే కలిసి ఉంది, రెసిన్‌ను తొందరపెట్టేది అదే. రెండు వందల గ్రాముల పొడి కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో తిప్పాడు. మెల్లగా. గబగబా తిప్పితే గాలి బుడగలు కలుస్తాయి. రాగిజావ చిక్కదనం వచ్చాక చిన్న సీసాలోంచి హార్డ్‌నర్ చుక్కలు లెక్కపెట్టి వేశాడు, నూటికి రెండు వంతులకు మించకుండా. ఎండాకాలం అయితే ఒక వంతు చాలు. ఆ హార్డ్‌నర్ సీసా గదికి ఒక మూల ఉంటుంది, విడిగా కొన్న కోబాల్టు సీసా ఎదురు మూల. రెంటికీ రెసిన్ మధ్యవర్తిగా ఉంటే కాపురం సాగుతుంది. నేరుగా కలిశాయా, భగ్గుమంటాయి, పేలిపోతాయి కూడా. సవతుల్ని ఒకే గదిలో పెట్టం కదా అన్నాను. బావ హిందీలోకి మార్చి చెబితే చాచా చాలాసేపు నవ్వాడు. నవ్వని విషయం ఒకటుంది: ఆ హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు. అల్లుడి కళ్లద్దాలు మేకుకు వేలాడుతున్నాయి. అడిగితే తీసి పెట్టుకున్నాడు, నా మర్యాద కోసం.

కలిపిన ముద్దను అచ్చులో ఒక్కసారి పోసేయరు. మొదట బ్రష్షుతో పొర. మూలమూలకూ, చక్రపు ఆకుల సందుల్లోకి, చిమ్నీ అంచుకి. ఆ పొర గోరు పెడితే జున్నులా కదిలేదాకా ఆగాలి. డిసెంబరు పొద్దు కాబట్టి ఇరవై నిమిషాలు దాటింది. లోహం ఉండేది ఆ పొరలోనే. వెనక నింపేది వేరే: రెసిన్, డోలమైట్ పొడి, గ్లాస్ ఫైబర్ పీచు. నా వినాయకుడి కడుపులో సుద్ద నాకప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో కుర్రాడు మిగిలిన రెసిన్ మగ్గును నా చేతికిచ్చి "పట్టుకోండి" అన్నాడు, ఆకతాయిగా. చాయ్ గ్లాసంత వేడి. చూస్తుండగానే అంచున సన్నగా పొగ, తర్వాత టిక్కుమని పగులు. అచ్చులో పల్చటి పొర కాబట్టి వేడి బయటికి పోతుంది, మగ్గులో ముద్దగా ఉంది కాబట్టి పోలేదు. ఈ పద్ధతికి కోల్డ్ కాస్టింగ్ అని పేరు పెట్టినవాడి చేతికి ఈ మగ్గు ఇవ్వాలనిపించింది. అయినా పేరు తప్పు కాదు. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, కంచుకు వెయ్యికి అటూఇటూ. ఇక్కడ పొయ్యి లేదు, మూస లేదు, బొగ్గు లేదు.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఉషేగావ్‌లో ఓజులు చేసే డోక్రా పని వేరే లోకం. మైనాన్ని దారంలా తీసి బొమ్మకు చుట్టి, మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోస్తారు. ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెంగాల్‌లో బిక్నా, దరియాపూర్‌లలోనూ ఇదే పద్ధతి. అక్కడ బొమ్మ కావాలంటే అచ్చు పగలాలి, ఒక్క అచ్చుకు ఒక్క బొమ్మ. ఇక్కడ రబ్బరు అచ్చు మేజోడులా తిరగేస్తే ఇంజను బయటికొస్తుంది, అచ్చు మళ్లీ పనికొస్తుంది. ముప్పై నలభై ముక్కలయ్యేసరికి రెసిన్ దాన్ని తినేస్తుందట. అంచులు పెళుసెక్కి చిరుగుతాయి. ఏ ముక్కకు ఎంత పదును అంటే, అది ఎన్నో పోతదో బట్టి. మా బావ ఆర్డరు పద్దెనిమిదో ముక్క దగ్గర మొదలైంది.

నిన్న పోసి ఆరిన ముక్క ఒకటి చాచా నా ముందు పెట్టాడు. నిజం చెప్పాలంటే నీరసపడ్డాను. పాతబడ్డ బెల్లం రంగు. ప్లాస్టిక్ అని చంటిపిల్లాడు కూడా చెబుతాడు. నా చేతికి స్టీల్ ఊల్ ఉండ ఇచ్చాడు, అంట్ల పీచు కాదు, దూదిలాంటి సన్నది. "రుద్దండి."

చక్రం అంచు మీద రుద్దాను. బూడిదరంగు ధూళి లేచింది. ఇంకో పదిసార్లు. ఏం లేదు. పీచును మడిచి, బొటనవేలితో అదిమి మళ్లీ. అంచు మీద గీతంత వెడల్పున పసుపు మెరిసింది. పైన వెంట్రుకవాసి రెసిన్ పొర ఉంటుంది, అది అరిగితే కింద గింజలు తలెత్తుతాయి, తలలు అరిగి ఒకదానికొకటి ఆనుకుంటే అది లోహం. తర్వాత చక్రాలను కలిపే కడ్డీ, తర్వాత బాయిలరు మీది రివిట్లు ఒక్కొక్కటీ, చిమ్మచీకట్లో దూరంగా స్టేషన్ దీపాలు కనిపించినట్టు. పావుగంటకు నా వేళ్లు నల్లబడ్డాయి, ఇంజనుకు వెలుగొచ్చింది. చాచా నల్ల బూట్ పాలిష్ తీసి మొత్తం పులిమేశాడు. అయ్యో అన్నాను. పాత బనియను గుడ్డతో తుడిచేసరికి గుంటల్లో నలుపు నిలిచి, మిట్టలు మెరిశాయి. యాభై ఏళ్లు ఎవరో రోజూ ముట్టుకున్న వస్తువులా ఉంది.

పూత పూసిందానికీ దీనికీ తేడా నాకు ఆ పావుగంటలో తెలిసింది. పూత గీకితే పోతుంది. ఇది గీకితే వస్తుంది. లోహం పైపొర మేరకే కావచ్చు, కానీ ఆ పొరంతటా ఉన్నది అసలు లోహపు గింజలే, గాలికి నల్లబడుతుంది, పులుపు తగిలితే చిలుము పడుతుంది. నేను ఫోన్‌లో వినాయకుడి ఫొటో చూపించాను. చాచా రెండు వేళ్లతో పెద్దది చేసి విరిగిన చెవి చూశాడు. "దీంట్లో లోహం లేదు. రంగు. బరువుకు రాతిపొడి దట్టించారు" అన్నాడు. చిన్నబుచ్చుకున్నట్టే అన్నాడు, అది తన పనే అని నేనెక్కడ అనుకుంటానో అని.

బరువు సంగతి తనే ఎత్తాడు. కంచు నీళ్లకు దాదాపు తొమ్మిది రెట్ల బరువు, పాలియెస్టర్ రెసిన్ నీళ్లకంటే కాస్తే ఎక్కువ. కొనేవాడు వస్తువును ముందు చేత్తో తూస్తాడు, తేలిగ్గా ఉంటే ముఖం మాడుస్తాడు. అందుకని చాచా కూడా వెనక ఇనుప ముక్క ఒకటి పెడతాడు. దాచకుండానే చెప్పాడు.

"మరి వెనకాల రెసిన్ పోత అని అచ్చు వేయొచ్చు కదా?" అన్నాను, మహా తెలివిగా.

"వేసేవాణ్ణి. వెనక ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ అతికించమంటారు. దానికింద ఏం రాసినా ఎవరు చూస్తారు?"

"ఎవరంటారు?"

చాచా జవాబు చెప్పలేదు. బావ గోడమీది క్యాలెండరు చూడటం మొదలుపెట్టాడు. బల్ల చివర సిద్ధమైన మా తొమ్మిది ఇంజన్లు బోర్లించి ఉన్నాయి, తొమ్మిదింటికీ ఆకుపచ్చ ఫెల్టు.

వచ్చేటప్పుడు చాచా ఒక తప్పుపోత నాకిచ్చాడు. చిమ్నీ దగ్గర బుడగ పడి బఠాణీ గింజంత గుంట. ఫెల్టు వేయలేదు, వెనకంతా తెల్లగా, గ్లాస్ పీచు కనిపిస్తూనే ఉంది. డబ్బు తీసుకోలేదు.

ఇంటికొచ్చి అమ్మ చేతిలో పెట్టి ఏమీ చెప్పలేదు. అటూఇటూ తిప్పింది, వెనక తెలుపు చూసింది, వేలి కణుపుతో టక్కుమని కొట్టింది.

"మోగదు" అంది, పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్న పెరట్లోకి వెళ్తే తులసికోట గట్టు మీద చెంబులూ కుందులూ వరసగా ఎండుతున్నాయి. వాటి మధ్యలో ఇంజను. బూట్ పాలిష్ అంతా పోయింది. చింతపండు తుక్కు ఒకటి రెండో చక్రం ఆకుల్లో ఇరుక్కుని ఉంది.