అద్దె కాదు... దూరం చూడండి!

జనవరిలో మా పటేల్‌గూడలో తెల్లారేసరికి పొగమంచే. అది చాలదన్నట్టు 'అసలు మంచులో స్కీయింగ్ నేర్చుకుంటాం' అని పిల్లలు పట్టుబట్టారు. సరే, గుల్‌మార్గ్ అనుకున్నాం. చిక్కల్లా బస దగ్గరే!

శ్రీనగర్‌లో గది చవగ్గా దొరికింది. అక్కణ్నుంచి గుల్‌మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. రోజూ పటాన్‌చెరు ట్రాఫిక్‌లో డ్యూటీకెళ్లేవాళ్లం, మనకదో లెక్కా అనుకున్నాం.

మొదటిరోజే తెలిసొచ్చింది. తంగ్‌మార్గ్ నుంచి 13 కిలోమీటర్లు ఘాట్‌రోడ్డే. మంచు పడటంతో చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాల్సి వచ్చింది. చేరేసరికి మధ్యాహ్నం. పిల్లలు బూట్లు బిగించుకుని నాలుగుసార్లు పడి లేచారో లేదో, 'చీకటి పడుతోంది' అంటూ డ్రైవర్ తొందరపెట్టాడు. చిన్నది ఏడుస్తూ బండెక్కింది.

మర్నాడే గుల్‌మార్గ్‌కి మారిపోయాం. అద్దె దాదాపు రెట్టింపు. అయితేనేం, పది నిమిషాలు నడిస్తే మంచువాలు. అలసిపోతే గదికొచ్చి 'బుఖారీ' అనే కట్టెలపొయ్యి దగ్గర చలి కాచుకుని మళ్లీ వెళ్లొచ్చు. మోకాళ్లనొప్పుల అత్తయ్య కిటికీలోంచే అంతా చూశారు. మూడోరోజుకల్లా చిన్నది పడకుండా జారింది!

మీరూ వెళ్తుంటే ఓ మాట. గండోలా అనే రోప్‌వే రెండోదశ అఫర్వత్ కొండమీద దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. అది ఆరితేరినవాళ్లకి. కొత్తవాళ్లకు కింది వాలులే చాలు. కాబట్టి వాటికి దగ్గర్లోనే గది చూసుకోండి. రాత్రంతా వెచ్చదనం, వేడినీళ్లు ఉంటాయా అని ముందే అడగండి. గుల్‌మార్గే 2,650 మీటర్ల ఎత్తు, మొదటిపూట విశ్రాంతి తప్పదు.

నాలుగురోజుల సెలవులో గది అద్దెకన్నా ఖరీదైంది పగటివెలుగే!