మా తాతగారి మేనత్త

వంశవృక్షము వ్రాసికొనని యిల్లుండవచ్చును గాని, మఱచిపోయిన యాడుపేరు లేని యిల్లుండదు. మా యింట నట్లు మఱుగుపడినది మా తాతగారి మేనత్త.

విశాఖపట్టణము జిల్లాలో నొక పల్లె మా పూర్వులది. ఆమె బాల్యముననే భర్తను గోలుపోయి పుట్టినిల్లు చేరినది. ఒక యేడు సింహాచలము చందనయాత్రకు పోయి మరల రాలేదు. నూతిలో పడెనని కొందఱును, ఎవనితోనో పోయెనని కొందఱును ననిరి. ఆమె పేరెత్తవలదని మగవారు శాసించిరి. తల్లి మాత్రము తాను బ్రతికినన్నాళ్లు రాత్రివేళ వీథితలుపునకు గడియ వేయనీయలేదని మా నాయనమ్మ చెప్పెడిది.

అక్కచెల్లెండ్రము ముగ్గురము ఆమె జాడ తీయనెంచి యింటి దస్తావేజులు వెదకితిమి. పొలములు కలవు, అప్పులు కలవు; ఆడువారి పేరొక్కటియు లేదు. అప్పుడు సముద్రము దాటిన కూలీల సంగతి మాకు తోచినది.

1860 మొదలు 1911 వఱకు, దక్షిణాఫ్రికాలోని నేటాలునకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా పోయిరి. వారిలో పెక్కురు చెఱకుతోటలలో పనిచేసిరి. 1860 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణపు ఓడ ‘ట్రూరో’ 342 మందితో మొదట డర్బను చేరినది. ఒప్పందము 5 ఏండ్లు. తొలియేట పురుషునకు నెలకు 10 షిల్లింగులు. స్త్రీకి అందులో సగము. కూలీలలో నింత భాగము స్త్రీలుండవలెనను నిబంధన యుండుటచే దళారులు దిక్కులేని యాడువారిని వెదకుచుండిరి.

ఓడల పట్టీలలో ప్రతి మనిషికిని ఒక సంఖ్య కలదు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, తుదకు శరీరముపై గుఱుతులు వ్రాసియుండును. ఆ పట్టీలను నేడు కంప్యూటరులో చూడవచ్చును. ఆమెది సింహాద్రి అప్పన్న పేరు. ఆ సీమలో ఇంటింట నున్న పేరే. ఎందఱిలో నామెను పోల్చుకొందుము? గంజి వార్చుచుండగా ఆమె యెడమ ముంజేయి కాలి మచ్చపడెనని నాయనమ్మ చెప్పిన మాట మాకు దారి చూపినది. ఒక పట్టీలో ఆ పేరు, ఆ తండ్రి, ఆ యూరు. కడపటి గడిలో ఎడమ ముంజేతిపై కాలిన మచ్చ!

మా కన్నులు చెమర్చినవి. ఆమె నూతిలో పడలేదు. ఒంటరిగా నోడ యెక్కినది. మోసపోయి యెక్కెనో, తెగించి యెక్కెనో యా కాగితము చెప్పదు. తనవారు తుడిచివేసిన పేరును పరాయివారు కూలి లెక్కకై యుంచుకొనిరి. అయినను ఆ లెక్కలో నామెను గుర్తింపజేసినది ఒక ముసలమ్మ వంటయింటి మాట. ఆ మచ్చ సంగతి మగవా రెవ్వరును జ్ఞాపకముంచుకొనలేదు.

వంశవృక్షమున ముత్తాతగారి ప్రక్కన చెల్లెలి పేరు వ్రాసితిమి. వెంటనే తల్లి పేరును, అవ్వ పేరును, కోడండ్ర పుట్టినిండ్లను వ్రాయ మొదలిడితిమి. మీ యింట పెద్దమ్మలున్నచో పనులు తీరినవేళ వారి చెంత కూర్చుండి, ఎవరు ఎచ్చట పుట్టిరో, ఎవరికే గుఱుతులుండెనో యడిగి వ్రాసికొనుడు. ఆ నోరు మూతపడినపిమ్మట, పట్టీలెన్ని యున్నను మనవారిని మనము పోల్చుకొనజాలము.