కిటికీలు – తెరకడ్డీలు

ఇల్లు కట్టుకొనువారు గోడల మందమును గూర్చియు, ద్వారబంధముల కఱ్ఱను గూర్చియు, కప్పు ఖర్చును గూర్చియు నెలల తరబడి తర్కించెదరు. కిటికీలకు తెరకడ్డీ లెట్టివి కావలెనను ప్రశ్న మాత్రము గృహప్రవేశమునకు రెండు దినములు ముందుగా పుట్టును. అప్పుడు యజమాని బజారునుండి ఒకే పొడవు, ఒకే రకము గల కడ్డీలను కిటికీ కొకటి చొప్పున తెప్పించును. పనివాడు వానిని ఒక్క పూటలో బిగించి కూలి పుచ్చుకొని పోవును. ఆ కిటికీలతో ఇరువది ముప్పది యేండ్లు కాపురము చేయవలసినది ఇల్లాలు. కావున ఈ చిన్న వస్తువును గూర్చి నాలుగు మాటలు సోదరీమణులకు విన్నవింపదలచితిని.

కిటికీకి సంస్కృతమున వాతాయనమని పేరు. గాలి వచ్చు త్రోవ యని యర్థము. గవాక్షమనియు నందురు, అందు అక్షి యనగా కన్ను. ఒక పేరు గాలిని, రెండవది చూపును తెలుపుచున్నవి. ఇక తెరకు అమరకోశమున ప్రతిసీర, యవనిక, తిరస్కరిణి యను పేళ్లు గలవు. తిరస్కరిణి యనగా మరుగుపరచునది. గాలి, చూపు, మరుగు, ఈ మూడును మనకు ఒక్క కిటికీయందే కావలసియున్నవి. ఏ వేళకు ఏది కావలెనో దానిని పొందుటకు తెర సులభముగా జరుగవలెను. జరుగని తెరకును గోడకును భేదము లేదు. ఆ జరుగుట యంతయు కడ్డీమీద నాధారపడియున్నది.

మాది సూర్యాపేట జిల్లాలోని మోతె. వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. మా యింటి ముందుభాగము రాతిగోడల పెంకుటిల్లు. వెనుకభాగము తరువాత ఇటుకలతో కట్టి స్లాబు వేసినది. అందుచేత కిటికీలు పలువిధములు. వాని నొక్కొక్కదాని కథ వేరు.

మొదటిది వీధివైపు గది. అందు మా అమ్మాయి చదువుకొనును. ఆ కిటికీకి మొదట చుట్టతీగ, అనగా స్ప్రింగు తీగ, రెండు కొక్కెములకు తగిలించి యుండెను. అది చవుక, కాని కొలదినాళ్లకే నడుమ వ్రేలాడి, తెర ఇరుప్రక్కల సందులు విడిచెను. దారిని పోవువారి చూపులకు జంకి పిల్ల కిటికీ తలుపులే మూసికొని, చెమటలు కారుచుండగా పదవ తరగతి పాఠములు చదువుచుండెను. ఎన్నిసార్లు తెరిచినను మరల మూసెడిది. పిల్లను మందలించి లాభము లేదు. కిటికీని సవరింపవలెనని తోచినది.

అప్పుడు నిలువు చట్టముల నడుమ, నేలనుండి నాలుగున్నర అడుగుల యెత్తున ఒక సన్నని కడ్డీ వేయించి, దానికి అరతెర కట్టితిమి. వీధికంటె మా యింటి నేల రెండడుగులు ఎత్తు. కావున వీధిలో నడచువాని కన్ను మా నేలకు సుమారు మూడడుగుల యెత్తున నుండును. వాడు తెరపైనుండి చూచినను వానికి కనబడునవి దూలములే. తెరపై భాగమునుండి వెలుతురు, గాలి ధారాళముగా వచ్చును. ఎదుట మేడ యున్నవారికి మాత్రము అరతెర చాలదు. మరియొక సంగతి: పగలు మరుగు నిచ్చు పలుచని బట్ట, రాత్రి లోపల దీపము వెలిగిన పిదప మరుగు నీయదు. అట్టిచోట రెండు కడ్డీలను మోయు జంట బ్రాకెట్లు పెట్టించి, వెనుక పలుచని తెరను, ముందు దళసరి తెరను వేలాడదీయవలెను.

రెండవది మా అత్తగారి గది. ఆమెకు మోకాళ్ల నొప్పులచే లేచుట కష్టము. మంచము ప్రక్కనున్నది ఆరడుగుల వెడల్పుగల కిటికీ. అందుండి వాకిలియు, వేపచెట్టును, వచ్చిపోవువారును కనబడుదురు. కాని తెర తీయవలెనన్నను వేయవలెనన్నను ఆమె ఒకరిని పిలిచి కాచుకొనవలసి యుండెను. చీర మార్చుకొనుటకు సైతము మనుమరాలు బడినుండి వచ్చువరకు ఆగిన దినములు గలవు. నోరు తెరచి యెవరిని నిందించునది కాదు; ఆమె యూరకుండుటయే నాకు బాధగా నుండెను.

వడ్రంగి కడ్డీని కప్పునకు దాపుగా బిగించెదననెను. "పైకి బిగిస్తే గది పెద్దగ కనవడ్తదమ్మా" అని వాని వాదము. "కనపడుడు తర్వాత, నాయనా; ముందు తెర జరగాలె గద" అంటిని. ఆరడుగుల కడ్డీకి నడుమ ఒక బ్రాకెట్టు లేనిచో వంగును. నడుమ బ్రాకెట్టున్నచో వలయములు అచ్చట తగులుకొని ఆగును. దీనికి ఉపాయము తెరను రెండుగా చీల్చుట. కుడితెర కుడివైపునకు, ఎడమతెర ఎడమవైపునకు జరుగును. నడిమి బ్రాకెట్టును దాటవలసిన పని దేనికిని లేదు. కడ్డీ 19 మిల్లీమీటర్లది కాక 25 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలుది తెప్పించితిమి. మంచము దెసనున్న తెర మొదటి వలయమునకు ఒక నున్నని బెత్తమును వ్రేలాడగట్టితిమి. ఇప్పుడు ఆమె పండుకొనియే తెర తీసి సూర్యునికి నమస్కరించును. తనకు వలసినప్పుడు తానే వేసికొనును. ఇంటిలో మరి యే వస్తువు కొన్నప్పుడును నాకంత తృప్తి కలుగలేదు.

పడమటి కిటికీ సంగతి వేరు. ఎండ అద్దమును దాటి లోపలికి వచ్చిన పిదప తెర వేసిన యెడల, వేడి చాలవరకు గదిలోనే నిలిచిపోవును. ఎండను బయటనే ఆపవలెను. కావున అక్కడ కడ్డీని వెలుపల సజ్జ క్రింద వేయించి వెదురు తడికనో వట్టివేళ్ల తడికనో కట్టుట మేలు. వట్టివేళ్లను తడిపినచో గాలియు చల్లనగును. కిటికీలో కూలరు పెట్టువారు తెర యంతయు ఒకే ప్రక్కకు పోవునట్లు ఆ వైపున కడ్డీని పొడవుగా నుంచవలెను. లేనిచో గాలికి తెర అడ్డము.

వంటింటిలో పొయ్యి దాపున వ్రేలాడు బట్ట అగ్నికి ఆహ్వానము. పొయ్యికి దూరముగా నున్న కిటికీకి చట్టముల నడుమ పట్టు పొట్టి కడ్డీ, పొట్టి నూలుతెర చాలును. పొయ్యికి నేరుగా పైనున్న కిటికీకి తెరయే వలదు. గరుకు అద్దము చాలును.

ఇక కొనుటయు బిగించుటయు. కడ్డీ యని పేరేగాని నేడు దొరకునది లోపల డొల్లయైన గొట్టము. దాని రేకు మందమును కొనలయందు పరీక్షింపుడు. కిటికీ వెడల్పునకు ఇరుప్రక్కల ఆరేసి యంగుళములు చేర్చి కొలుచుకొనవలెను. తీసిన తెర అప్పుడు గోడమీదికి పోయి వెలుతురును విడుచును. చట్టమునకు నాలుగైదంగుళముల పైన బిగింపవలెను. కిటికీ తలుపులు లోపలికి తెరచుకొనునవైనచో, అవి తగులకుండునంత ముందునకు బ్రాకెట్టు రావలెను.

సిమెంటు గోడలో డ్రిల్లుతో రంధ్రము చేసి, ప్లాస్టిక్కు గూటము దిగగొట్టి మరమేకు బిగింతురు. మట్టితో కట్టిన పాత రాతిగోడలో అట్టి గూటము నిలువదు, గార రాలును; అచ్చట కఱ్ఱచట్టమునకే బిగించుట క్షేమము. స్విచ్చుల పెట్టెకు నేరుగా పైన రంధ్రము చేయనీయకుడు. లోపల విద్యుత్తు తీగలు పోవుచుండును. పాత యిండ్ల నేల వాలుగా నుండును గనుక నేలనుండి కొలువక రసమట్టముతో సరిచూడవలెను. నూలుతెరను ముందుగా ఒకసారి ఉతికి, అది ముడుచుకొనిన పిదప నిలువు కొలుచుకొనుడు. త్రాడుతో లాగు తెరలున్నచో ఆ త్రాడు పసిపిల్లల మంచమునకు గాని ఉయ్యాలకు గాని అందరాదు. మెడకు చుట్టుకొను ప్రమాదము గలదు.

తెరను లాగునది ఎవరి చేయి యను ప్రశ్న మన ప్రాంతపు స్త్రీలకు క్రొత్తది కాదు. 1948 వరకు నిజాము రాజ్యములోనుండిన ఈ సీమలో కలవారి యిండ్ల స్త్రీలకు ఘోష యుండెడిది. వాకిట తెర, బండికి తెర. కట్టించువారొకరు, వెనుక కూర్చుండువారొకరు. 1930లో జోగిపేటలో ప్రథమ ఆంధ్రమహాసభ జరిగినప్పుడు దానితోపాటు మహిళాసభయు జరిగెను. నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. మరుసటి యేట, 1931లో, మా నల్లగొండ సీమలోని దేవరకొండలో ఆంధ్రమహాసభ కూడెను. అట్లు ఇల్లు వెడలి సభలలో కూర్చున్న తల్లుల పుణ్యమున నేడు తెర మనకు వలసినప్పుడు వేసికొని వలదన్నప్పుడు తీయగల గృహోపకరణమైనది. ఆ స్వాతంత్ర్యము ఇంటిలోని ముసలమ్మకును, చదువుకొను పిల్లకును అందినదా లేదా యని చూచుట మన వంతు.

కనుక సోదరీమణులారా, కడ్డీ బిగించు దినమున మీరు తప్పక యింట నుండుడు. గోడకు రంధ్రము పడకమునుపే, ఆ గదిలో నుండువారిని వారి చోట కూర్చుండబెట్టియో పండుకొనబెట్టియో చేయి చాపుమనుడు. ఆ చేతికి తెర యంచు అందవలెను. బ్రాకెట్లు బిగించిన పిదప, బట్ట తొడుగక ముందే, కడ్డీని రెండు చేతులతో గట్టిగా క్రిందికి లాగి చూడుడు. కదలినచో పనివాడు వెళ్లకముందే మరల బిగింపించుకొనుడు.